కొత్త తరం ఇంజిన్‌ను రెండు లక్షల కిలోమీటర్లు దాటించడం ఎలా? దక్షిణ తెలంగాణ వాహనదారులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఏ మెకానిక్ షెడ్డు ముందు పది నిమిషాలు నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "పాత బండ్ల ఇంజిన్లే గట్టివి, ఇప్పుడొచ్చేవన్నీ మైలేజీ కోసం పల్చగా చేసినవి." ఈ మాటలో కొంత నిజం ఉంది. పాత డీజిల్ ఇంజిన్లలో బరువైన ఇనుప బ్లాకు, చిక్కటి ఆయిల్, సాదా ఇంధన పంపు ఉండేవి. ఆయిల్ మార్చడం రెండు వేల కిలోమీటర్లు ఆలస్యమైనా, ఫిల్టర్ దాటి కాస్త దుబ్బ లోపలికి పోయినా అవి ఓర్చుకునేవి. ఇంధనం ఆదా చేయడానికి కొత్త ఇంజిన్లలో తగ్గించినది ముఖ్యంగా ఆ ఓర్పునే. చిన్న సిలిండర్లు, గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బో, పల్చటి ఆయిల్, సన్నటి ఆయిల్ దారులు, ఎక్కువ పీడనంతో ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు అన్నీ కలిసి తక్కువ ఇంధనంతో ఎక్కువ బలాన్ని ఇస్తున్నాయి గానీ, శుభ్రమైన గాలి, సరైన ఆయిల్, మంచి కూలెంట్ అనే మూడింటిలో ఏది లోపించినా అవి పాత ఇంజిన్ల కంటే చాలా ముందే దెబ్బతింటాయి. ఆ మూడూ సరిగ్గా అందితే మాత్రం రెండు లక్షల కిలోమీటర్లు వాటికి పెద్ద దూరం కాదు.

కంపెనీ ఇచ్చే సర్వీసు పుస్తకంలో మామూలు పట్టిక ఒకటి, "కఠిన పరిస్థితులు" అనే పట్టిక ఒకటి ఉంటాయి. దుమ్ము రోడ్లు, విపరీతమైన ఎండ, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ముగిసిపోయే చిన్న ప్రయాణాలు రెండో పట్టిక కిందికి వస్తాయి. ఎర్రచెల్కల మధ్య మట్టిబాటలు, మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండ, ఊరి నుంచి మండల కేంద్రానికి ఐదారు కిలోమీటర్ల రాకపోకలు ఉన్న మన ప్రాంతానికి వర్తించేది ఆ రెండో పట్టికే. షోరూము వాళ్లు సాధారణంగా మొదటి పట్టికనే చెబుతారు కాబట్టి ఈ విషయాన్ని యజమానే గుర్తుపెట్టుకోవాలి.

మొదటి మెట్టు: మీ బండిలో ఏమున్నదో తెలుసుకోవడం

అన్ని కొత్త ఇంజిన్లూ ఒకటి కావు. ముందుగా యజమాని పుస్తకం తీసి నాలుగు సంగతులు చూడాలి. పెట్రోల్ ఇంజిన్ అయితే ఇంధనం వాల్వుకు ముందున్న గొట్టంలో పడుతున్నదా, నేరుగా సిలిండర్‌లోకే పడుతున్నదా అన్నది మొదటిది. పేరులో జీడీఐ, టీజీడీఐ అని ఉంటే నేరుగా సిలిండర్‌లో పడుతున్నట్లే. టర్బో ఉందా లేదా అన్నది రెండోది. డీజిల్ అయితే పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఒక్కటే ఉందా, దానితోపాటు పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రావణం పోసే ట్యాంకు కూడా ఉందా అన్నది మూడోది. వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్‌కు చైన్ ఉందా, బెల్టు ఉందా అన్నది నాలుగోది. బెల్టు అయితే పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు లేదా ఏళ్లకు, ఏది ముందైతే దానికి మార్చి తీరాలి, ఎందుకంటే చాలా ఇంజిన్లలో బెల్టు తెగిన క్షణమే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి ఇంధనంలో గంధకం పరిమితి పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన రెండో దశలో బండి రోడ్డు మీద నడిచేటప్పుడు వెలువరించే పొగను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. అందువల్ల మీ బండి 2020 తర్వాత కొన్నదైతే కింద చెప్పబోయేవాటిలో చాలావరకు మీకు వర్తిస్తాయి.

రెండో మెట్టు: ఇంజిన్ ఆయిల్

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు ఈ భాగాన్ని చదవాలని నా మనవి. టర్బోలోని చిన్న చక్రం నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల సార్లు తిరుగుతుంది, దాని ఇరుసును పట్టుకొని ఉండేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. వాల్వులు తెరుచుకునే సమయాన్ని వేగాన్ని బట్టి మార్చే వ్యవస్థ కూడా సన్నటి రంధ్రాల గుండా వచ్చే ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ మడ్డిగా మారితే మొదట మూసుకుపోయేవి ఈ రంధ్రాలే.

గ్రేడు (ఆయిల్ చిక్కదనం) విషయంలో పుస్తకం చెప్పినదే వేయించాలి. 0డబ్ల్యూ-20 రాసి ఉన్న ఇంజిన్‌లో "మన ఎండకు ఇది ఆగదు, చిక్కటిది పోద్దాం" అని 20డబ్ల్యూ-50 పోసే అలవాటు ఇంకా కొన్ని షెడ్లలో ఉంది. ఆ మెకానిక్‌లు చెడు కోరి చెప్పడం లేదు, పాత ఇంజిన్లతో వాళ్లకున్న అనుభవం అలాంటిది. కానీ పల్చటి ఆయిల్ కోసమే కొలిచి పెట్టిన సందుల్లోకి చిక్కటి ఆయిల్ ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఆలస్యంగా చేరుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. పుస్తకంలోనే ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే, వాటిలో కాస్త చిక్కనిది ఎంచుకోవడంలో తప్పు లేదు.

గ్రేడుతోపాటు ప్రమాణాన్ని కూడా చూడాలి. టర్బో ఉన్న జీడీఐ పెట్రోల్ ఇంజిన్లలో తక్కువ వేగంలో ఎక్కువ బరువు పడినప్పుడు ఇంధనం సమయానికి ముందే మండి పిస్టన్‌ను పగలగొట్టే ప్రమాదం ఉంటుంది. దాన్ని తగ్గించేలా ఆయిల్‌లోని రసాయనాలను సరిచేసిన ప్రమాణం ఏపీఐ ఎస్‌పీ, అది 2020లో వచ్చింది. డీపీఎఫ్ ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి, డబ్బా మీద ఏసీఈఏ సీ2 లేదా సీ3 అని ఉంటుంది. మామూలు ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో పేరుకుపోతుంది, మసిలా అది కాలిపోదు.

మార్చే గడువు చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని రాసి ఉంటుంది. మట్టిరోడ్ల మీద, చిన్న దూరాలకు ఎక్కువగా తిరిగే బండికి నేను 5,000 నుంచి 7,500 మధ్యనే మార్పిస్తాను. ఏడాదికి అదనంగా అయ్యే ఒక ఆయిల్ ఖర్చు, ఒక టర్బో ఖరీదు ముందు లెక్కలోకి రాదు. డబ్బా సీలు మీ కళ్ల ముందే తీయించండి, బిల్లు తీసుకోండి, ఖాళీ డబ్బాను పనికిరాకుండా చేయించండి.

నెలకోసారి డిప్‌స్టిక్ చూడటం మీ చేతిలో పనే. చదునైన నేల మీద బండి నిలిపి, ఇంజిన్ ఆపి, పది నిమిషాలు ఆగి, కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. రెండు గీతల మధ్య సాధారణంగా ఒక లీటరు దాకా తేడా ఉంటుంది. మట్టం కింది గీత వైపు దిగుతుంటే ఆయిల్ ఎక్కడో కారుతున్నట్లో, కాలిపోతున్నట్లో అర్థం. డీజిల్ బండిలో మట్టం పై గీతను దాటి పెరిగితే అది ఇంకా పెద్ద హెచ్చరిక. రెండు వేళ్ల మధ్య ఆ ఆయిల్‌ను రుద్ది వాసన చూడండి. జారుడు తగ్గి, నీళ్లలా పల్చబడి, డీజిల్ వాసన వస్తుంటే, ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలుస్తున్నదన్నమాట. ఆ ఆయిల్‌ను వెంటనే మార్చాలి.

మూడో మెట్టు: ఎయిర్ ఫిల్టర్, దుబ్బ

దేవరకొండ వైపు చెల్కల్లో వేసవిలో ముందు బండి లేపిన ఎర్రటి దుబ్బ, క్వారీల దగ్గరి రాతిపొడి, మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టూ తేలే ఊక నుసి మూడూ ఒకటి కావు. ఊక నుసి ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది. రాతిపొడి, ఇసుక రేణువులు మాత్రం ఫిల్టర్ దాటితే పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను గీరేస్తాయి, ఆ గీతల నుంచే ఆయిల్ కాలడం మొదలవుతుంది.

ఫిల్టర్ మూసుకుపోయిన సంగతి మైలేజీని బట్టి తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. పాత కార్బురేటర్ బండ్లలో అది నిజమే. ఇప్పటి పెట్రోల్ ఇంజిన్‌లో లోపలికి వచ్చే గాలి తగ్గినంత మేరకు కంప్యూటర్ ఇంధనాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి మైలేజీ పెద్దగా మారదు, పికప్ మాత్రం తగ్గుతుంది. అందుకే కంటితో చూడటమే సరైన పద్ధతి. ప్రతి 5,000 కిలోమీటర్లకు పెట్టె తెరిచి, ఫిల్టర్‌ను ఎండకు ఎదురుగా పట్టుకొని చూడండి. మడతల మధ్య నుంచి వెలుతురు రాకపోతే మార్చేయండి. కంప్రెషర్ గాలిని దగ్గరగా కొడితే కాగితంలోని రంధ్రాలు సాగిపోతాయి, ఫిల్టర్ శుభ్రంగా కనిపిస్తూనే దుమ్మును లోపలికి వదులుతుంది. నీళ్లతో కడగడం అసలే వద్దు.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది, దీన్ని ఎవరూ చెప్పగా నేను వినలేదు గానీ ఎప్పుడూ చేసుకుంటాను. ఫిల్టర్ తీసిన తర్వాత, ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం లోపలి అంచును తెల్లటి బట్టతో తుడవాలి. బట్ట తెల్లగానే ఉంటే అంతా బాగున్నట్లు. ఎర్రటి చార కనిపిస్తే ఫిల్టర్ పెట్టెలో సరిగ్గా కూర్చోలేదని, లేదా గొట్టం క్లిప్పు వదులైందని అర్థం. ఆ చారను చూసిన రోజే పని చేయించాలి.

నాలుగో మెట్టు: రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకపోవడం

నల్లగొండ జిల్లా నీళ్లంటే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మనుషుల ఎముకలకు ఆ ఫ్లోరైడ్ చేసిన హాని అందరికీ తెలిసినదే. రేడియేటర్‌కు హాని చేసేది మాత్రం అదే బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే సున్నపు లవణాల కాఠిన్యం. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చే ఇంజిన్ లోపలి సన్నటి నీటి దారుల్లో కూడా పడుతుంది.

ఒక మే నెలలో డిండి వైపు వెళ్తుండగా గొట్టం క్లిప్పు వదులై నా కారులో కూలెంట్ కారిపోయింది. రోడ్డు పక్కన పొలంలో నడుస్తున్న బోరు నుంచి రెండు బిందెల నీళ్లు తెచ్చి పోశాను. బండి కదిలింది, నేను ఆ సంగతి మరిచిపోయాను. దాదాపు ఏడాదిన్నర తర్వాత ఎండలో ఏసీ వేసి నడిపితే వేడి ముల్లు పైకి పోవడం మొదలైంది. విప్పి చూస్తే, ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ స్ప్రింగు చుట్టూ గోటితో గీకినా రాని తెల్లటి పెచ్చు, రేడియేటర్ గొట్టాల్లో సగం మూసుకుపోయి ఉన్నాయి. రేడియేటర్ మార్చాల్సి వచ్చింది. అల్యూమినియం హెడ్డు వంగకముందే పట్టుకోగలిగాను కాబట్టి ఆ ఖర్చుతో సరిపోయింది.

కూలెంట్‌ను పుస్తకంలో చెప్పిన రకమే, సగానికి సగం డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడాలి, లేదా ముందే కలిపి అమ్మేదాన్ని కొనాలి. రంగును బట్టి రకం తేల్చకూడదు, రెండు రకాలను కలపకూడదు. బండిలో ఒక లీటరు డబ్బా ఎప్పుడూ ఉంచుకోండి. తప్పనిసరై నీళ్లే పోయాల్సి వస్తే ఆర్‌వో నీళ్ల బాటిళ్లు కొని పోసి, వారంలోగా మొత్తం ఖాళీ చేయించి కొత్త కూలెంట్ నింపించాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దు.

ఐదో మెట్టు: డీజిల్ బండి, మసి ఫిల్టర్

డీపీఎఫ్‌లో చేరిన మసి కాలిపోవాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి. ఇంటి నుంచి మార్కెట్ యార్డుకు, అక్కడి నుంచి బడికి, మళ్లీ ఇంటికి తిరిగే బండిలో ఆ వేడి పుట్టే అవకాశమే ఉండదు. మసి నిండుతుంది, కంప్యూటర్ కాల్చడానికి ప్రయత్నిస్తుంది, అంతలో మీరు ఇంజిన్ ఆపేస్తారు, ఆ ప్రయత్నానికి చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. పైన చెప్పిన డిప్‌స్టిక్ వాసనకు కారణం ఇదే.

దీనికి మందు రోడ్డే. పది పదిహేను రోజులకోసారి నల్లగొండవారు నార్కట్‌పల్లి మీదుగా 65వ జాతీయ రహదారి ఎక్కి సూర్యాపేట వైపు, మహబూబ్‌నగర్‌వారు జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, ఇంజిన్ నిమిషానికి 2,000 తిరుగుళ్లకు తగ్గకుండా అరగంట సేపు ఒకే వేగంతో నడపాలి. బండి ఆపబోయే సమయానికి ఫ్యాను జోరుగా తిరుగుతూ, బండి కదలకుండా నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం మామూలు కంటే ఎక్కువగా ఉండి, కాలిన వాసన వస్తుంటే మసి కాలుతున్నదని గుర్తించి, ఇంకో పది నిమిషాలు నడిపిన తర్వాతే ఆపాలి. ఆ వేడితో ఉన్న బండిని ఎండు గడ్డి మీద, రోడ్డు మీద ఆరబోసిన వరిగడ్డి మీద నిలపకండి, నిప్పంటుకునే ప్రమాదం నిజంగానే ఉంది.

నెలంతా ఊళ్లోనే తిరిగేవారు అసలు డీజిల్ బండి కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫిల్టర్‌ను తీసేసి కంప్యూటర్‌ను మార్చేస్తామనే మాటలకు లొంగవద్దు. అది చట్టవిరుద్ధం, వారంటీ పోతుంది, పైగా ఆ మసి పీల్చేది మన పిల్లలే.

యూరియా ద్రావణం ట్యాంకు ఉన్న బండ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ద్రావణంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలు లేని నీరు ఉంటాయి. ఇంట్లో ఉన్న ఎరువుల బస్తా నుంచి కలుపుకుంటే డబ్బు మిగులుతుందనే ఆలోచన రైతు ఇళ్లలో రావడం సహజమే. కానీ పొలానికి వాడే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బైయూరెట్ వంటి మలినాలు ఉంటాయి. అవి ఇంజెక్టర్‌ను మూసేసి, పొగను శుద్ధి చేసే ఖరీదైన కెటలిస్ట్‌ను పాడుచేస్తాయి. సీలు వేసిన డబ్బానే కొనండి.

ఆరో మెట్టు: పెట్రోల్, ఈ20

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఈ20 అంటే అదే, ఈ10 అంటే 10 శాతం. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా ప్రకారం, పాత పద్ధతిలో తయారై ఈ10కు సరిచేసిన కార్లలో ఈ తగ్గుదల 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం, ఈ20కు సరిచేసిన కార్లలో 1 నుంచి 2 శాతం ఉంటుంది. మీ బండిలో తగ్గుదల ఇంతకు మించితే ఇథనాల్‌ను నిందించి ఊరుకోకుండా కారణం వెతకాలి. పాత బండ్లలో ఇంధనపు రబ్బరు గొట్టాలు ఉబ్బాయా, పగుళ్లిచ్చాయా అని సర్వీసు చేయించిన ప్రతిసారీ చూపించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, అందుకని వానకాలంలో వారాల తరబడి కదపని బండి ట్యాంకును దాదాపు నిండుగా ఉంచడం మేలు.

జీడీఐ ఇంజిన్లలో వాల్వుల మీద పెట్రోల్ పడదు కాబట్టి అక్కడ పేరుకున్న మసిని కడిగేది ఏదీ ఉండదు. ట్యాంకులో పోసే మందులు కూడా ఆ చోటికి చేరవు. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకుతూ, పికప్ తగ్గితే వాల్వులను విప్పి శుభ్రం చేయించడమే దారి.

ఏడో మెట్టు: నడిపే తీరు

చిన్న టర్బో ఇంజిన్‌ను పై గేరులో తక్కువ వేగంలో ఉంచి పెడల్‌ను పూర్తిగా తొక్కడం ఆదా కాదు, పైన చెప్పిన ముందస్తు మంటకు అదే కారణం. ఒక గేరు తగ్గించి తొక్కాలి. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటిన తర్వాత ఘాట్ దిగేటప్పుడు గేరులోనే దిగాలి, న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు వేడెక్కుతాయి, ఆదా కూడా ఉండదు, ఎందుకంటే గేరులో దిగుతూ పెడల్ వదిలినప్పుడు ఇంజెక్టర్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. ఘాట్ ఎక్కిన వెంటనే బండి ఆపాల్సి వస్తే ఒక నిమిషం నిలకడగా తిరగనిచ్చి ఆపండి, టర్బో చల్లబడుతుంది.

గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు వేగం పెంచితే గాలి ఎదురుదెబ్బ ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దారిలో దీనివల్ల మిగిలే సమయం పావుగంట మాత్రమే. టైర్లలో గాలిని ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి.

ఇంధనపు గొట్టానికి కట్టే అయస్కాంతాలు, డ్యాష్‌బోర్డు కింద గుచ్చే "ఆదా" పరికరాలు కొనవద్దు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరిశీలించి, చెప్పుకోదగ్గ ఆదా చేసేది ఒక్కటీ లేదని తేల్చింది.

ఎనిమిదో మెట్టు: హైబ్రిడ్, స్టార్ట్-స్టాప్, సీఎన్‌జీ

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగే బండ్లకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ ఉంటుంది. చవక అని మామూలుది వేయిస్తే అది త్వరగా చస్తుంది. పూర్తి హైబ్రిడ్ కార్లలో చాలావాటికి వెనక సీటు దగ్గర బ్యాటరీకి చల్లగాలి అందించే జాలీ ఉంటుంది, దానికి బస్తాలు అడ్డం పెట్టకుండా, దుమ్ము చేరకుండా చూసుకోవాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి పీడన పరీక్ష తప్పనిసరి.

తొమ్మిదో మెట్టు: ఒక నోటు పుస్తకం, ఒక స్కానర్

డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీని నమ్మకుండా ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క కట్టండి. ట్యాంకు నింపించి మీటరు సున్నా చేసి, తర్వాత మళ్లీ అదే బంకులో, పంపు తనంతట తాను ఆగేదాకా నింపించాలి. 608 కిలోమీటర్లకు 38 లీటర్లు పట్టితే లీటరుకు 16 కిలోమీటర్లు. ఒక ట్యాంకును బట్టి తేల్చకుండా మూడు ట్యాంకుల సగటు చూడండి. తారీఖు, మీటరు, లీటర్లు, ఆయిల్ మట్టం ఒకే వరుసలో రాసుకుంటే బండి ఆరోగ్యం ఆ పేజీల్లోనే కనిపిస్తుంది.

సగటు పదో వంతు తగ్గితే ఈ వరుసలో వెతకండి. మొదట టైర్ల గాలి. తర్వాత ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి, చక్రాల దగ్గర అరచేతిని తాకించకుండా పెట్టి చూస్తే, మిగతావాటి కంటే ఎక్కువ సెగ కొట్టే చక్రం దగ్గర బ్రేకు పట్టి ఉన్నట్లు. ఆ తర్వాత వేడి ముల్లు. హైవే మీద అది ఎప్పుడూ ఉండే చోటు కంటే కిందనే ఉండిపోతే థర్మోస్టాట్ తెరుచుకొని ఇరుక్కుపోయింది, ఇంజిన్ చల్లగానే ఉన్నదనుకొని కంప్యూటర్ ఎక్కువ ఇంధనం పోస్తున్నది. ఇంత వేడి ప్రాంతంలో ఇంజిన్ చల్లగా ఉండటం సమస్య అని ఎవరికీ తట్టదు, అందుకే ఇది నెలల తరబడి దొరకకుండా ఉంటుంది.

బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే ఓబీడీ స్కానర్‌ను డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో గుచ్చి, ఫోనులో లోపం కోడ్ చదవవచ్చు. పి0128 వస్తే పైన చెప్పిన థర్మోస్టాట్, పి0299 వస్తే టర్బో గాలి ఒత్తిడి తగ్గడం, పి2002 వస్తే మసి ఫిల్టర్, పి0420 వస్తే కెటలిస్ట్. కోడ్ కనిపించగానే ఆ భాగాన్ని మార్చేయకూడదు. పి0299కు చాలాసార్లు కారణం చిరిగిన గాలి గొట్టమో, వదులైన క్లిప్పో అయి ఉంటుంది, టర్బో కాదు. కోడ్‌ను నోటు పుస్తకంలో ఆనాటి కిలోమీటర్లతో సహా రాసుకొని, చెరిపి, మళ్లీ ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో చూసి, ఆ పేజీని మెకానిక్ ముందు పెట్టండి.